బఠాణి విత్తు మొలవకుండుటకు కారణమేమి?

కార్తీకమాసము రాగానే పెరటి మళ్లలో బఠాణి గింజలు నాటి, పది దినములు గడచినను మొలక కానక, విత్తనము అమ్మినవానిని నిందించు సోదరులు పెక్కుమంది కలరు. విత్తనము చెడ్డదగుటయు కలదు. కాని నేను త్రవ్వి చూచిన మళ్లలో చాలవఱకు గింజ నీరు ఎక్కువై చచ్చినదే గాని నీరు లేక చచ్చినది కాదు.

ఈ సంగతి నా తప్పువలననే నేర్చుకొంటిని. క్రొత్తగా ప్రదర్శకుడనై మదనపల్లె ప్రాంతమున తిరుగుచున్న దినములలో, ఒక పేదరాలి పెరటిలో నాలుగు మళ్లు కట్టించి, గింజలను రాత్రియంతయు నీటిలో నానవేయించి, ఉదయమున నాటించి, దినమును నీరు పోయుమంటిని. ఆమె అట్లే చేసెను. ఎనిమిదవనాడు త్రవ్వి చూడగా గింజలన్నియు మెత్తబడి కంపు కొట్టుచుండెను. అవి ఆమె కూలిడబ్బు పెట్టి కొన్న గింజలు. "మా అత్త అనపగింజలు పదునుమీద పెట్టి, మొలక వచ్చేదాకా నీళ్లు చూపించేది కాదయ్యా" అని ఆమె యనెను. నాకు బదులు తోచలేదు.

గింజకును ఊపిరి కలదు. నీరు పీల్చి ఉబ్బునపుడు దానికి గాలి మిక్కిలి కావలెను. మడి నీట నిండినచో గాలి పోవును; గింజనుండి చక్కెర ఊరి, నేలలోని బూజులకు ఆహారమగును. ఆర్కెల్, బొన్నెవిల్ వంటి ముడుతగింజల రకములలో చక్కెర హెచ్చు గనుక అవి నున్నని గింజలకన్న త్వరగా క్రుళ్లును. తీపి కోరువారు ఈ చిక్కును ఓర్చుకొనవలసినదే.

కావున నీరు ముందే పెట్టవలెను. రెండు మూడు దినములకు మడి ఆరి, పిడికిట పట్టిన మన్ను ముద్దకట్టి, వ్రేలితో తట్టగా విడిపోవునప్పుడు త్రవ్వి నాటవలెను. లోతు అంగుళము మొదలు అంగుళమున్నర. ఇసుకపాలు గల ఎఱ్ఱనేలలో రెండంగుళములైనను తప్పులేదు. నల్లరేగడిలో బోదెలెత్తి వాని ప్రక్కన నాటుట మేలు. నానవేయకున్నను నష్టము లేదు. మొలక కనబడువఱకు నీరు వలదు. పైమన్ను మరీ ఎండినచో చేతితో చిలకరించిన చాలును.

నేలవేడిమి 20 మొదలు 24 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నప్పుడు మొలక చక్కగా వచ్చును. 30 దాటినచో తగ్గును. తెలంగాణమునను రాయలసీమ మిట్టలలోను అక్టోబరు నడుమనుండి నాటవచ్చును. కోస్తావారు నవంబరు నడిమివఱకు ఆగుట మంచిది.

నాటుటకు పదిదినముల ముందు ఏబది గింజలను తడిగోనెపట్టలో చుట్టి, ఎనిమిదవనాడు లెక్కింపుడు. ధ్రువీకరించిన విత్తనము నూటికి 75 అయినను మొలవవలెను. పురుగు తొలిచిన గింజలను ఏరివేయవలెను. కిలో గింజలకు 3 గ్రాముల థైరము పట్టించి (మిగిలినవి వంటకు పనికిరావు), బఠాణి ఎఱుగని నేలయైనచో చివరగా బెల్లపునీటితో రైజోబియము కలిపి నీడను ఆరబెట్టవలెను.

మఱుసటి యేడు ఆమెకు విత్తనము నేనే కొనియిచ్చితిని. నాటుట మాత్రము ఆమె యిష్టమునకు విడిచితిని. తొమ్మిదవనాడు పోగా వరుసలు పచ్చగా లేచియుండెను. పిచ్చుకలు కొన్ని మొలకలను కొఱికినవి. బఠాణిపప్పు మంటిలోనే నిలుచును గనుక అడుగునుండి మఱల చిగుర్చునని చెప్పి, పెఱికివేయవలదంటిని. ఆమె తల యూపి, చేతికఱ్ఱతో పిచ్చుకలను తోలుచు గట్టుమీదనే కూర్చుండెను.