గుర్తులు మారినా వాడుక మారదు

వంటింటి డబ్బాల మీద పేర్లు రాసిన చీటీలన్నీ పీకేసి, వాటి బదులు సున్నాలు, చుక్కలు, గీతలు అంటించారనుకోండి. మూతలు తియ్యకుండా ఏది కందిపప్పో చెప్పగలమా? ఎందుకు చెప్పలేం! అత్తగారి చెయ్యి ఏ డబ్బా మీదికి ఎన్నిసార్లు పోతోందో వారం రోజులు గమనిస్తే కొత్తకోడలైనా చెప్పేస్తుంది. రోజూ దిగేది కందిపప్పు, పండక్కి గాని దిగనిది జీడిపప్పు. పూర్వం రాజుల రహస్య లేఖలను శత్రువులు చదివేసిన ఉపాయం అచ్చంగా ఇదేనండీ.

ఇంగ్లీషులో 100 అక్షరాలు రాస్తే సుమారు 12 ‘ఈ’ అక్షరమే అవుతుంది. ‘టీ’ 9 దాకా వస్తుంది. ‘క్యూ’, ‘జెడ్’ మాత్రం వెయ్యికి ఒకటి వస్తే గొప్ప. ప్రతి అక్షరానికీ ఒక వింత గుర్తు పెట్టి రాసినా ఈ లెక్క మారదు. అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే గుర్తు ‘ఈ’ కావచ్చునని ఊహించి, మిగతావి ఒక్కొక్కటే కూడదీసుకుంటారు. ఉత్తరం పొడుగ్గా ఉండాలి సుమా, రెండు ముక్కల చీటీకి ఈ లెక్క పనికిరాదు. తెలుగుకూ ఇలాంటి అలవాట్లున్నాయి. ఈ పత్రికలోనే ఒక పేజీ తీసి, ‘ల’ ఎన్ని, ‘ఝ’ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. మనకు తెలిసినంతలో ఈ పద్ధతిని మొదట వివరించి రాసినవాడు 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ కిందీ అనే పండితుడు.

స్కాట్లండు రాణి మేరీ సంగతి వినండి. 1568లో ఇంగ్లండుకు పారిపోయి వచ్చిన ఆమెను, బంధువే అయిన ఎలిజబెత్ రాణి ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉంచింది. 1586లో బాబింగ్టన్ అనే యువకుడు ఎలిజబెత్‌ను చంపించి మేరీని విడిపించాలని పథకం వేశాడు. వాళ్ళ ఉత్తరాలు బీరు పీపాల బిరడాల్లో దాగి నడిచాయి. అక్షరాలకు గుర్తులు, కొన్ని మాటలకు వేరే గుర్తులు, మోసగించటానికి అర్థంలేని గుర్తులు కూడా నాలుగు పెట్టుకున్నారు. అయితేనేం, ఆ ఉత్తరాలు మోసే మనిషే గూఢచారి! అవి తిన్నగా ఫిలిప్స్ అనే ఆయన చేతికి వెళ్ళేవి. ఆయన అక్షరాల లెక్కలో ఆరితేరినవాడు.

నన్నడిగితే, ఆ లిపే లేకపోతే మేరీ అంత దాపరికం లేకుండా రాసేది కాదేమో. పథకానికి ఒప్పుకుంటూ జూలై 17న ఆమె పంపిన ఉత్తరం ఫిలిప్స్ చదివాడు. చదివి ఊరుకోలేదు, కుట్రదారుల పేర్లు తెలియజేయమంటూ అదే లిపిలో, ఆమే రాసినట్టు అడుగున నాలుగు ముక్కలు కలిపి మరీ పంపాడు. 1587 ఫిబ్రవరి 8న మేరీకి శిరచ్ఛేదం చేశారు.

అంతకు ముందు ఆమె వాడిన మరో లిపి మాత్రం గట్టిది. ఒక్కొక్క అక్షరానికి ఒకటికి మించి గుర్తులుండటంతో ఉత్త లెక్కకు లొంగలేదు. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో ఇటలీ కాగితాలనుకుని ఉంచిన 50కి పైగా ఉత్తరాలను ముగ్గురు పరిశోధకులు కంప్యూటరు సాయంతో చదివి, అవి మేరీవని 2023లో ప్రకటించారు. 1578 నుంచి 1584 వరకు రాసినవవి. రాజకీయాలతో పాటు తన అనారోగ్యం, చెరలో పడే అగచాట్లు వాటిలో ఉన్నాయి. 1582లో స్కాట్లండు ప్రభువులు కొందరు తన కొడుకు జేమ్స్‌ను బంధించినప్పుడు పడిన ఆవేదన కూడా ఉంది.