పిల్లలకు చెప్పని పడవ ప్రయాణము



సంక్రాంతికో వేసవి సెలవులకో పట్టణములనుండి మనుమలు వచ్చినపుడు వారికి ఏమి చూపవలెనను ఆలోచన నేడు పల్లెలలోని ప్రతి పెద్దకును కలుగుచున్నది. మన గోదావరీతీరమున నున్నవారికి ఆ ప్రశ్నకు సమాధానము దూరమున లేదు. పిల్లలు గోదావరిని చూచియే యుందురు. కాని యెట్లు చూచిరి? రైలు వంతెనపై పోవుచుండగా కిటికీనుండి కొన్ని నిమిషములు చూచి, పెద్దలు చేతికిచ్చిన రూపాయిని నీటిలోనికి విసరి, మరల తమ ఫోనువైపు తిరిగియుందురు. వారు నదిని దాటినవారే గాని నదిలో పయనించినవారు కారు.

మన తరమువారికి పడవ వింత కాదు. ధవళేశ్వరమున కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్టనుండి బయలుదేరిన కాలువలు పొలములకు నీటినిచ్చుటయే కాక ఊరినుండి ఊరికి బాటలును అయినవి. ధాన్యపు బస్తాలు, పెండ్లివారు, బడిపిల్లలు ఆ కాలువలమీదనే సాగిరి; లాకులయొద్ద పడవ ఆగి నీటిమట్టము సమమగువరకు వేచియుండుట ఎవరికిని క్రొత్త కాదు. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చువరకు కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ రైలెక్కనివారు లాంచీమీద దాటుచుండిరి. ఆ దినములు పోయినవి. ఇప్పుడు నదిమీద ప్రయాణము అవసరము కాదు, వేడుక. వేడుకయే గనుక దానికి మనము ముందుగా కూర్చుండి ఆలోచించుట మరింత యవసరము. అవసరమునకై సాహసించినవానిని లోకము క్షమించును. వేడుకకై పిల్లలను ప్రమాదమున పెట్టినవానిని క్షమింపదు.

పాపికొండల లాంచీయాత్రకు పిల్లలను, వారికి ముందుగా తెలియకుండ, తీసికొనిపోవుటెట్లో నేడు మనవి చేసెదను.

మొదట మార్గము. పూర్వము పట్టిసీమ, పోలవరముల రేవులనుండియే లాంచీలు ఎగువకు పోవుచుండెను. పోలవరము ప్రాజెక్టు నిర్మాణమున నదికి అడ్డుకట్ట పడిన తరువాత ఆ దారి మూతపడినది. ఇప్పుడు రాజమహేంద్రవరము వైపువారు బస్సుమీదనో కారుమీదనో దేవీపట్నము మండలములోని గండిపోచమ్మ రేవుకు చేరి, అచ్చట లాంచీ యెక్కవలెను. భద్రాచలమువైపువారు పోచవరము రేవున ఎక్కుదురు. ఉభయులును చూడదలచినది ఒక్కటే: కొండలను చీల్చుకొని నది వచ్చు ఆ యిరుకుదారి, నడుమ పేరంటపల్లియొద్ద శివాలయము, ఆశ్రమము, కొండరెడ్లు వెదురుతో చేసి యమ్ము వస్తువులు. ఉదయము బయలుదేరిన యాత్ర సాయంకాలమునకు ముగియును. స్త్రీ పాపిట తీసినట్లు కొండల నడుమ నది సాగుటచేతనే పాపికొండలను పేరు వచ్చెనని ఆ ప్రాంతమువారు చెప్పుదురు.

ఈ యిరుకును గూర్చి పిల్లలకు చెప్పదగిన పాఠ మొకటి కలదు. రాజమహేంద్రవరముకడ గోదావరి వెడల్పు రెండున్నర కిలోమీటర్లకు మించును. కొండల నడుమ నది దానిలో స్వల్పభాగమై యుండును. వచ్చు నీరు మాత్రము తగ్గదు. వెడల్పు తగ్గిన చోట నీరు లోతు పెంచుకొనవలెను, లేదా వేగము పెంచుకొనవలెను. గోదావరి రెండును చేయును. వేగముగా పోవు నీరు కొండమలుపునకు తగిలి తనచుట్టు తాను తిరుగును. దానినే మనము సుడియందుము; అమరకోశమున వారివర్గము చదివినవారికి ఆవర్తమను మాట జ్ఞాపకము రావచ్చును. చలికాలమున అద్దమువలె నిశ్చలముగా కనబడు ఆ జలమే వరదకాలమున కర్ణధారునికి పరీక్ష యగును. కావున సౌందర్యమునకును ప్రమాదమునకును కారణ మొక్కటియే.

దీనినిబట్టి కాలనిర్ణయము తేలును. జూను మొదలు అక్టోబరు వరకు నది వరదలకు లోనైయుండును. కార్తికమాసమునుండి మాఘమాసమువరకు, అనగా నవంబరు మొదలు ఫిబ్రవరివరకు, యాత్రకు అనుకూలము. అప్పుడైనను వాయుగుండము వార్త యున్నయెడల ఆగవలెను. వార్తలలో నీటిమట్టము చెప్పునపుడు దాని యర్థము తెలిసికొనవలెను. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీచేయుదురు. ధవళేశ్వరమున ఆ మూడు మట్టములు 11.75, 13.75, 17.75 అడుగులు. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. రమారమి 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులని విన్నపుడు ఒక రెప్పపాటులో ఎన్ని బిందెలు పోవుచున్నవో లెక్కకట్టుమని పిల్లవానిని అడుగుడు. వానికి గణితమును వచ్చును, నదియెడల భక్తియును కలుగును.

ఇక దాచరాని విషయము చెప్పెదను. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరువద్ద ఒక విహారపు పడవ మునిగినది. ఆ దినమున నది సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరదతో పారుచుండెను. పడవలోని 77 మందిలో 26 మంది మాత్రమే బ్రతికిరి. వారిని రక్షించినవారు కచ్చులూరు గ్రామస్థులు. తమ చిన్న పడవలమీద వరదకు ఎదురేగి చేతికందినవారిని పైకి లాగిరి. ఆ పల్లెవారి పేరు తలచుకొనక ఆ రేవు దాటుట తగదు. ఆ ప్రమాదముతో యాత్రలు నిలిచిపోయి, తరువాత రేవులయొద్ద కంట్రోల్ రూములు ఏర్పడి, కట్టుబాటులతో మరల సాగినవి.

నేను ఈ యాత్ర సంకల్పించి మా కోడలికి చెప్పినపుడు ఆమె ముఖము చిన్నబోయినది. "మామయ్యగారూ, పిల్లలకు ఈత రాదు. కచ్చులూరు సంగతి మీకు తెలియనిది కాదుగదా!" అన్నది. పెద్దవాడనను గర్వముతో ఆ మాటను త్రోసిపుచ్చుట సులభము. కాని తల్లి భయము అజ్ఞానము కాదు; అది జాగ్రత్తకు మొదటి రూపము. "అమ్మా, నీకు గల సందేహములన్నియు ఒక కాగితముమీద వ్రాయుము, ఒక్కదానికి సమాధానము దొరకకున్నను మనము పోవలదు" అంటిని. ఆమె పదునొకండు ప్రశ్నలు వ్రాసినది. ఆ ప్రశ్నలే నా సన్నాహమునకు సూత్రములైనవి.

ఇందుండి రహస్యమునుగూర్చిన మొదటి నియమము తేలుచున్నది. యాత్ర పిల్లలకు మాత్రమే రహస్యము. వారి తల్లిదండ్రులకు కాదు. కన్నవారి సమ్మతి లేని వేడుకకు వేడుక యను పేరు చెల్లదు. పిల్లలలో ఎవనికైన నీటిభయము, మూర్ఛ, ఉబ్బసము వంటివి యున్నచో తల్లికే తెలియును. పాలుత్రాగు పసికందులను ఈ యాత్రకు తీసికొనిపోకుండుటయే మేలు.

రెండవ నియమము రహస్యముయొక్క ప్రయోజనము. పిల్లలకు చెప్పకుండుట కేవలము వారిని ఆశ్చర్యపరచుటకే యని పలువురు తలంతురు. దానికంటె పెద్ద లాభ మొకటి కలదు. చెప్పని మాట తప్పుట యుండదు. "ఆదివారము పాపికొండలకు పోవుదుము" అని పది దినములు ముందుగా చెప్పినచో, ఆదివారమున మబ్బుపట్టినను పిల్లల యేడ్పునకు లొంగి పెద్దలు బయలుదేరుదురు. పెక్కు ప్రమాదములకు మూలము మానుకొనలేని మొగమాటము. చెప్పకున్నచో మానుకొనుట మీ చేతిలోని పని. మేము మొదట కార్తికమాసమున ఒక దినము నిశ్చయించితిమి. ముందునాడు వాయుగుండము వార్త వచ్చినది. పిల్లలను ధవళేశ్వరమునకు తీసికొనిపోయి బ్యారేజిని, కాటన్ మ్యూజియమును చూపితిమి. అది రెండవ యేర్పాటని వారికి తెలియదు, సంతోషముగా తిరిగివచ్చిరి. పడవ సంక్రాంతి సెలవులలో ఎక్కితిమి. కావున ప్రతి రహస్యయాత్రకును జేబులో మరియొక యాత్ర సిద్ధముగా నుండవలెను.

మూడవది, దాచుట యనగా అసత్యమాడుట కాదు. "ఎక్కడికి తాతయ్యా?" అని అడిగినపుడు వేరొక ఊరి పేరు చెప్పరాదు. పొడుపుకథ వేయవచ్చును. నేను వేసినది ఇది: "పుట్టినచోట దోసిట పట్టును, మన యూర చూపునకు పట్టదు, అదేమి?" త్ర్యంబకమున చిన్న ధారగా పుట్టి మన సీమను చేరునప్పటికి సాగరమువలె విస్తరించు గోదావరియే దానికి సమాధానము. మా మనుమలు మూడు దినములు తర్కించుకొని, ఒకడు మర్రిచెట్టనియు, ఒకతె అప్పు అనియు చెప్పిరి. రెండవ సమాధానమునకు ఇంటిలోని పెద్దలందరు నవ్విరి గాని కాదనలేకపోయిరి.

నాల్గవ నియమము మిక్కిలి ముఖ్యము. రేవు చేరగానే రహస్యము ముగియవలెను. పడవలో కాలు పెట్టకముందే, నేలమీద నిలబడియుండగనే, ఎక్కడికి పోవుచున్నామో, అచ్చట ఎట్లు నడుచుకొనవలెనో పిల్లలకు స్పష్టముగా చెప్పవలెను. ఆశ్చర్యము మనస్సునకు, శరీరమునకు కాదు. నీటిని చూచి వెనుకాడు పిల్లవానిని ఎత్తి పడవలో కూర్చుండబెట్టరాదు. వానితో ఒక పెద్ద గట్టునే యుండునట్లు ముందే ఏర్పాటు చేసికొనవలెను. మా యింట ఆ బాధ్యత నేను తీసికొంటిని. నా యవసరము రాలేదు.

ఇక రేవునొద్ద పరీక్షింపవలసినవి. ప్రయాణికుల జాబితాలో పిల్లలతో సహా ప్రతివారి పేరును వ్రాయించవలెను. అందరి గుర్తింపు కార్డులును వెంట నుండవలెను. లైఫ్ జాకెట్టు మోకాలిక్రింద పెట్టుకొనుటకు కాదు. అది ఒంటిమీద, కట్లు బిగించి, ఎక్కినది మొదలు దిగువరకు నుండవలెను. 2019లో బ్రతికినవారిలో పలువురు దానిని ధరించియున్నవారే యని వార్తలు తెలిపినవి. పెద్దల జాకెట్టు పిల్లలకు పనికిరాదు. కట్లు బిగించిన తరువాత భుజములకడ పట్టి పైకెత్తి చూడుడు. అది చెవులదాక జారివచ్చినచో నీటిలో పిల్లవాడు క్రిందికి జారిపోవును. కొలతకు తగినది లేదన్నచో టిక్కెట్టు సొమ్ము పోయినను వెనుకకు తిరుగుడు.

పడవ ఒరుగుట యెట్లో పిల్లలకు ఒక గిన్నెతో చూపవచ్చును. నీటిపళ్లెములో గిన్నె నుంచి దాని యడుగున గులకరాళ్లు పెట్టినచో అది నిలుకడగా తేలును. ఆ రాళ్లనే ఒక ప్రక్కకు జరిపినచో ఒరిగి మునుగును. బరువు క్రింద నడుమ నున్నంతసేపు పడవకు స్థైర్యము. అందరును మేడమీది కెక్కినను, ఫోటోలకై ఒకేప్రక్కకు పరుగెత్తినను, అది పోవును. కావున పిల్లలకు క్రింది యంతస్తున నడుమ చోటు చూడవలెను. ఇద్దరు పిల్లలకు ఒక పెద్ద చొప్పున కాపుండవలెను. సరంగు మాటకు తిరుగులేదని ముందే చెప్పవలెను. సంస్కృతమున చుక్కాని పట్టువానికి కర్ణధారుడని పేరు. కర్ణమనగా చెవియు అగును, చుక్కానియు అగును. ఆయన నది మాట వినవలెను, మనము ఆయన మాట వినవలెను. ఆ సరంగు త్రాగియున్నట్లు తోచినను, పరిమితికి మించి జనమును ఎక్కించుచున్నను, నీరు ఎర్రబడి వేగముగా నున్నను, నోరు మూసికొని కూర్చుండరాదు. నెరసిన తలకు లోకమిచ్చు గౌరవము ఇట్టి సమయమున వినియోగించుటకే.

వీనిని విని, ఇంత జాగ్రత్త పడవలసిన యాత్ర ఎందుకని మీరు అడుగవచ్చును. పోలవరము జలాశయము తన పూర్తిమట్టమగు 150 అడుగులకు నిండినపుడు ఈ తీరము ఇట్లే యుండదు. దేవీపట్నము మండలమున పల్లెలు పెక్కులు ఇప్పటికే ఖాళీ యయినవి. కొండపాదముల నున్న ఇసుకతిన్నెలు, పాత రేవులు, గుడిమెట్లు నీటిక్రిందికి పోవును. ప్రాజెక్టువలన పొలములకు మేలు కలుగవచ్చును. ఊళ్లు విడిచినవారి దుఃఖమును గలదు. ఆ రెండును పుస్తకమున చదువుటకుముందు మన పిల్లలు ఒకమారు కన్నులతో చూచిన మంచిది. చూచిన పిల్లవాడు పెద్దయైన తరువాత నదినిగూర్చి ఎవరేమి చెప్పినను తనంత తాను తూచుకొనగలడు.

కావున పెద్దలారా, ఒక కాగితము తీసికొనుడు. పైన తేదీకి బదులు "నది యనుమతించిన దినము" అని వ్రాయుడు. క్రింద వచ్చువారి పేర్లు, వయస్సులు. ఆ క్రింద తల్లుల సందేహములు. చివర రెండవ యేర్పాటు. దానిని పిల్లల కంటబడకుండ పంచాంగములో దాచుడు. పిల్లలు సామాన్యముగా పంచాంగము తెరువరు.

సెలవు.