స్పర్ధయు, స్ఫురణయు

న్యాయవాదులు నాటకములు వ్రాయుట మన దేశమున వింత కాదు. అయినను ఒకే పట్టణమున, ఒకే కాలమున ఇద్దరు తెలుగు వకీళ్లు "పితామహ" బిరుదము నందుట బళ్లారికి దక్కిన భాగ్యము. ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) ఆంధ్ర నాటక పితామహులు. కోలాచలము శ్రీనివాసరావుగారు (1854–1919) చారిత్రక నాటక పితామహులు. మొదటివారిది సరసవినోదినీ సభ, రెండవవారిది సుమనోరమా సభ. వయస్సున ఏడాది భేదము. వృత్తి యొకటి, ఊరొకటి, వ్యసన మొకటి. స్పర్ధ పుట్టక యేమగును?

ఈ స్పర్ధను మనవారు సాధారణముగా మెచ్చుకొందురు. అది లేనిచో ఇన్ని నాటకములు వెలువడియుండవందురు. కొంత నిజమే. ఆచార్యులవారు "చిత్రనళీయము"తో పద్యమును, పాటను తెలుగు రంగస్థలమున నెలకొల్పిరి. "విషాద సారంగధర"తో, మన ప్రాచీన లాక్షణికు లొప్పని విషాదాంతమునకు ద్వారము తెరచిరి. రావుగారు హంపీ శిథిలముల చెంతనున్న కమలాపురమున జన్మించిన వారగుటచేతనో యేమో, చరిత్రవైపు మరలిరి; ప్రపంచ నాటక చరిత్రమును ఆంగ్లమున గ్రంథస్థము చేసిరి. ఒకరు నడచిన బాటను రెండవవారు విడిచి వేరొక బాట వెదకుకొనుటకు స్పర్ధయే తోడ్పడియుండవచ్చును.

కాని మా సందేహ మిది. స్పర్ధ మనుష్యుని బల్లయొద్ద కూర్చుండబెట్టగలదు, కలమును చేతికీయగలదు. పిమ్మట వ్రాయవలసినది ఎవరు? "నేను వానికంటె మిన్న" యను తలంపు నోట నున్నంతసేపు పాత్ర నోరు విప్పదు. నోరు విప్పినను గ్రంథకర్త కంఠముతోనే పలుకును.

ఈ విషయమున మా వృత్తిలోనివారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. వకీలు అన్యుని పక్షమును తన పక్షముగా భావించి వాదించును. ఇది నాటకకర్త పనికి దగ్గరగా తోచును. అందుచేతనే కాబోలు మనలో ఇందరు నాటకములకు దిగుదురు. అయితే వకీలు ప్రతివాది మాటను వినుట దానిని ఖండించుటకొరకే. నాటకకర్త దానిని నమ్ముటకొరకు వినవలెను. దావా గెలువదలచిన వకీలు నాటకము వ్రాసినచో అందలి దుష్టుడు మొదటి రంగముననే ఓడిపోయి, తక్కిన నాలుగంకములును తీర్పు చదివించుకొనుచు నిలుచుండును. అట్టి నాటకములను మేము పెక్కు చూచితిమి. ఒకటి వ్రాసితిమి కూడ; ఆ సంగతి ముందు చెప్పెదము.

శ్రీనివాసరావుగారి "రామరాజు చరిత్ర"ను ఈ దృష్టితో చూడవలెను. 1565లో తళ్లికోట యుద్ధమున అళియ రామరాయలు హతుడై విజయనగరము ధ్వంసమైన కథ అది. రాయల దర్పమే ఆ పతనమునకు మూలమని చెప్పువారు చాలమంది కలరు. నాటకము పేరు రామరాజుది. కాని ప్రేక్షకుల నోట తరములుగా నిలిచినది పఠాను రుస్తుం పాత్ర. ఆ పాత్రను ధరించి ప్రఖ్యాతికి దెచ్చినవారు బళ్లారి రాఘవగారు (1880–1946). ఇందొక రుచికరమైన విశేషము కలదు. రాఘవ గారు రామకృష్ణమాచార్యులవారి మేనల్లుడు. మేనమామయొద్దనే నాటకవిద్యకు తొలి సంస్కారము పొందినవారు. మేనమామ కెదురు సభవారి నాటకమున, అందును నాటకమున కెవ్వని పేరున్నదో ఆ రాజు వేషము గాక పఠాను వేషమున, ఆయన ప్రతిభ ఇంతగా ప్రకాశించినది. ఆయనయు వకీలే, ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసినవారే. రెండు సభల తగవులో ఆయన మనస్సు ఏ సభకు కట్టుపడియున్నను ఆ రుస్తుం మనకు దక్కియుండెడివాడు కాదు.

నటుని అహంకారము గ్రంథకర్త అహంకారముకంటె బాహాటమైనది. ఆ కాలపు ప్రేక్షకులకు "వన్స్ మోర్" అను కేక యొకటి అలవాటైనది. పద్యము బాగుగ పాడిన నటుడు, అప్పుడే ప్రాణము విడిచిన పాత్రయైనను, లేచి మరల పాడి మరల చచ్చెడివాడు. ఆ లేచినవా డెవ్వడు? సారంగధరుడు కాడు, హరిశ్చంద్రుడు కాడు. జీతమిచ్చి మెచ్చుకొనవలసిన ఫలానా వారి అబ్బాయి. పద్యమునకు రాగాలాపన తోకవలె పెరిగి నాటకమును మ్రింగుటను రాఘవగారు సహింపలేదు. భావమునకు లోబడని పాట రంగమున కక్కరలేదని ఆయన పక్షము. పాటను రంగమెక్కించిన పితామహుని మేనల్లుడే ఈ మాట పలుకవలసి వచ్చినది!

అభినవగుప్తుడు రసాస్వాదమునకు ఏడు విఘ్నములను చెప్పెను. అందొకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడై కూర్చుండుట. ఇంటి తగవును, అప్పులవాని ముఖమును వెంటబెట్టుకొని వచ్చినవానికి రాముని దుఃఖ మెట్లు పట్టును? దానికి విరుగుడుగా ఆయన చెప్పినవి వాద్యములు, గానము, చిత్రమైన మండపము మొదలగునవి. అనగా సంగీతము ప్రేక్షకుని "నేను"ను మరపించుటకు కల్పింపబడిన మందు. మన రంగస్థలమున ఆ మందే నటుని "నేను"ను మేల్కొల్పు వ్యాధియైనది.

1930 ప్రాంతమున రాఘవగారు చేసిన పని మాకు వారి పౌరాణిక విజయములకంటె గొప్పదిగా తోచును. దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, చాణక్యుడు మున్నగు పాత్రలతో కీర్తి సంపాదించిన మనుష్యుడు, ఏబది యేండ్ల వయస్సున, పద్యములు లేని సాంఘిక నాటకమునకు పూనుకొనెను. అదియే "తప్పెవరిది". వ్రాసినవారు పి.వి. రాజమన్నారుగారు. వారును న్యాయవాదులే, తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తు లైరి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలసి నటించుటయు ఆ కాలపు మాటయే. కిరీటము, గద, రాగము, చప్పట్లు పడునని నిశ్చయముగ తెలిసిన చోట్లు — ఇన్నిటిని ఇంట విడిచి, సాధారణ గృహస్థుల సంభాషణలోనికి ఆయన ప్రవేశించెను. పేరు లేనివానికి సాహసము సులభము. పేరున్నవాడు ఆ పేరును రేపు పోగొట్టుకొనుటకు సిద్ధపడుట యరుదు.

ఇక మా సంగతి. ఇరువది యేండ్ల క్రిందట మేము సరిహద్దు తాలూకాలలో నొకచోట వృత్తి నడపుచుంటిమి. (1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్లారి పట్టణము మైసూరునకును పోయిన తరువాత ఆ ప్రాంతమున బంధువుల యిండ్లకు పోవుటయే పరరాష్ట్ర ప్రయాణమైనది.) ఒక సంఘ వార్షికోత్సవమునకు మేమును, మా సహాధ్యాయి యగు మరియొక వకీలును చెరియొక నాటకమును వ్రాయ బూనితిమి. ఒకే గదిలో అద్దెకున్న దినములనుండియు స్నేహితులము. ఆయన రెండవ యంకము చదివి వినిపించిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అది బాగుగ నుండుటయే కారణము. మరునాడు "కొంచెము నిదానముగా నడచుచున్నదోయ్" అని మాత్రము చెప్పితిమి.

అటుపిమ్మట మా నాటకమున ప్రతి రంగమును ఆయనవైపు చూచుచు వ్రాసితిమి. ఆయన హాస్యమునకు మేము రెండింతల హాస్యము, ఆయన విషాదమునకు మూడింతల విషాదము. శుభ్రప్రతి వ్రాసిన మా గుమాస్తా కాగితములు బల్లపై పెట్టి, కదలక నిలుచుండెను.

"ఏమయ్యా?" అంటిమి.

"తమరు కోపగించనంటే ఒక మాటండీ. ఇందులో ఆ కక్షిదారు ముసలాయన ఒక్కడు తమరు వ్రాసినట్టు లేడండీ."

కోపము వచ్చిన మాట నిజము. ఆ ముసలివాడు రెండు పుటల పాత్ర. వాయిదా కొరకు కోర్టు వరండాలో కాచుకొనియుండగా, దస్తావేజు వెనుకవైపున, ఏమియు తలపక వ్రాసినది. దానిని చిన్నదని మిత్రునికి చూపనైన లేదు. ప్రదర్శనమునాడు జనము ఆ రెండు పుటలకు మాత్రమే నిశ్శబ్దముగ నుండిరి. మిగిలిన భాగమునకు దగ్గిరి. మిత్రుని నాటకమునకు బహుమాన మీయబడినది. మేము అభినందింప వెళ్లలేదు. తలనొప్పి యని కబురంపితిమి. ఆ తలనొప్పి పదునెనిమిది సంవత్సరము లుండెను. కోర్టులో నమస్కారములు సాగినవి గాని నాటకముల మాట ఇరువురము మరల నెత్తలేదు. ఆయన మరొక నాటకమును వ్రాయలేదు. మా "నిదానము" అను మాటకు అందులో నెంత పాలున్నదో అడుగుటకు ఇప్పు డాయన లేరు.

గడచిన మాసమున వారి కుమారుడు ఆ వ్రాతప్రతిని మా యొద్దకు తెచ్చి, అచ్చు వేయించ దలచితిననియు, పీఠిక వ్రాసి యీయవలెననియు కోరెను. రెండవ యంకమును మరల చదివితిమి. ఒక్క మాట తీయవలసినది గాని, త్వరపెట్టవలసినది గాని అందు లేదు. పీఠిక యిప్పటికి మూడు పర్యాయములు వ్రాసితిమి. మొదటి దానిలో మా స్నేహమును గూర్చి నాలుగు పుటలు, నాటకమును గూర్చి అర పుట తేలినది. రెండవది మా పశ్చాత్తాపముతో నిండినది. అందును మేమే నాయకులము. మూడవదానిలో "మేము" అను మాటను లెక్కించితిమి, పదునొకండు మార్లున్నది. అచ్చుకూటమువారు ఆదివారమువరకు గడువిచ్చిరి. నాలుగవదానిని ముసలివాని రెండు పుటలవలె కోర్టు వరండాలో కూర్చుండి వ్రాయుద మనుకొనుచున్నాము.