కాంగేర్ లోయ ఒడ్డున ఒక రాత్రి

విహారయాత్ర అనగానే మన ఉద్యోగ కుటుంబాలకు తొలుత స్ఫురించేవి ఎల్.టి.సి. దరఖాస్తు, రైలు రిజర్వేషను, పుణ్యక్షేత్రంలో సత్రం గది. ఇందుకు భిన్నంగా, సొంత వాహనంలో గుడారము, వంటసామగ్రి వేసుకొని కొండదారులలో తిరిగిరావాలనే కోరిక మా ఇంట పుట్టడానికి కారణం మా పిల్లలు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ గురించి చదివి, "నాన్నా, అటువంటి లోయ మనకు లేదా?" అని అడిగారు. కొలరాడో నది చెక్కిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల ఒక మైలుకు మించి ఉంటుంది. అంతటి లోయ మనకు లేదు. కాని నీరు రాతిని కోసిన వింతను చూడడానికి రాయపూర్ వాసులు సముద్రాలు దాటనవసరం లేదు. దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో జగదల్‌పూర్, దానికి చేరువలోనే కాంగేర్ లోయ ఉన్నాయి.

కిందటి నవంబరులో వరుసగా మూడు సెలవులు కలిసివచ్చాయి. నేను, మా శ్రీమతి, ఎనిమిదో తరగతి చదువుతున్న అబ్బాయి, అయిదో తరగతి అమ్మాయి, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మగారు తెల్లవారుజామున బొలెరోలో బయలుదేరాము. ధమ్‌తరి, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ రోడ్డు ఎదురైంది. పన్నెండు మలుపుల ఆ దారిలో వాహన చోదకులు తేలిన్ మాత గుడి వద్ద ఆగి నమస్కరించి సాగుతారు. మేమూ ఆగాము.

ఆ ఘాట్‌కు మరొక విశేషమున్నది. దానికి ఉత్తరాన పడిన వాన మహానదిలో చేరుతుంది. దక్షిణాన పడినది ఇంద్రావతి గుండా గోదావరికి పోతుంది. ఈ సంగతి చెప్పగానే, రాజమండ్రిలో పుట్టి పెరిగిన మా అమ్మగారు, "అయితే ఇక మనం గోదావరి సీమలో ఉన్నట్టే" అని మరొకసారి చేతులు జోడించారు. ఆ రాత్రి జగదల్‌పూర్‌లో బస చేశాము.

లోయలో ఒక పగలు

కాంగేర్ లోయ 1982లో జాతీయోద్యానమైంది. విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. మనిషి మాటను అనుకరించే బస్తరు కొండమైనా ఇక్కడి పక్షే. దానిని ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపక్షిగా గౌరవించారు. 2025 మార్చిలో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో ఈ ఉద్యానానికి చోటు దక్కింది. తెలంగాణలోని ముడుమాల నిలువురాళ్లు కూడా అదే విడతలో ఆ జాబితాకెక్కడం మన తెలుగువారికి అదనపు సంతోషం.

తీరథ్‌గఢ్ జలపాతం సుమారు 300 అడుగుల ఎత్తునుండి మెట్లుమెట్లుగా రాతిమీద జారుతుంది. కొటుమ్‌సర్ గుహ సున్నపురాతిలో నీరు తొలిచిన చీకటి మందిరం. మార్గదర్శకుడు దీపం చూపగా పైకప్పునుండి వేలాడే రాతి ఊడలను, లోపలి మడుగులలో చీకటికి అలవాటుపడి చూపు కోల్పోయిన చేపజాతిని గురించి విని పిల్లలు ఆశ్చర్యపడ్డారు. వర్షాకాలంలో గుహలోకి నీరు చేరుతుంది కనుక ఆ నెలలలో మూసివేస్తారు. ఆ మాట ఉదయం విన్నాను. దాని అర్థం రాత్రికి గాని తెలియలేదు.

నీరు పడుకునే చోటు

జాతీయోద్యానంలో అనుమతి లేకుండా ప్రవేశించడం, బస చేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అందుచేత ఉద్యానం పొలిమేర దాటి, ఒక ధుర్వా పల్లె వద్ద పెద్దల అనుమతి పొందాము. మట్టిబాట వెంట దిగి వాగు ఒడ్డుకు చేరేసరికి సాయంత్రమైంది. మెత్తని ఇసుకతిన్నె, ఇరువైపుల రాతిగట్లు, చీలమండలోతు తేటనీరు! ఇంతకన్న మంచిచోటు దొరకదనుకొని గుడారం వేశాము. మూడు రాళ్లు పేర్చి శ్రీమతి అన్నం వార్చింది.

ఇంతలో పల్లెనుండి ఒక వృద్ధుడు వచ్చి మా గుడారాన్ని, పిదప తూర్పుకొండలను చూశాడు. "బాబూ, ఇది మనుషులు పడుకునే చోటు కాదు. నీరు పడుకునే చోటు" అన్నాడు హిందీలో. తలపైన నక్షత్రాలు మెరుస్తున్నాయి. వాన జాడే లేదు కదా అని నేను వాదించాను. అతడు కొండల వెనుక మెరుపును చూపించి, నీటిలో కొట్టుకువస్తున్న ఎండుటాకులను, నురగను చూడమన్నాడు. నేనింకా తటపటాయిస్తుండగా మా అమ్మగారు, "ఏరు ఎరిగినవాడి మాట వినరా" అని పరుపులు చుట్టసాగారు.

బండి చక్రాలు అప్పటికే ఇసుకలో దిగబడ్డాయి. పల్లె యువకులు నలుగురు చక్రాల కింద కొమ్మలు పరచి, టైర్లలో గాలి కొంత తీయించి, గట్టుమీదికి నెట్టారు. ఆ పెద్దాయన వాకిట గుడారం మళ్లీ వేసుకున్నాము.

రాత్రి రెండు గంటల వేళ బండరాళ్లు దొర్లుతున్నట్టు హోరు వినిపించి మెలకువ వచ్చింది. టార్చి వెలుగులో చూస్తే ఇసుకతిన్నె లేదు. పొయ్యిరాళ్లు లేవు. గట్టు నుండి గట్టు వరకు ఎర్రని నీరు పరుగిడుతున్నది. మా పైన ఒక్క చినుకు కూడా పడలేదు. గుడారంలో పిల్లలు నిదురపోతున్నారు. వారి పక్కన కూర్చుండి తెల్లవారేదాకా నేను కన్ను మూయలేదు.

ఇది మా ఒక్కరి అనుభవం కాదు. 1997 ఆగస్టు 12న అమెరికాలోని అరిజోనా ఎడారిలో యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు లోయలో పదకొండుమంది పర్యాటకులు వరదలో కొట్టుకుపోయి మరణించారు. వాన కురిసింది వారిపైన కాదు. మైళ్ల దూరాన కురిసిన వాన ఆ రాతిసందులోకి ఒక్కసారిగా వచ్చిపడింది. ఎడారి అయినా, అడవి అయినా, లోయను చెక్కిన నీరు తన దారిని మరచిపోదు.

బయలుదేరేవారికి కొన్ని మాటలు

ఈ యాత్ర చేయదలచిన సహోద్యోగులు గుడారాన్ని వాగు ఇసుకలో గాక, పాత వరదగుర్తులకు పైన, ఎత్తయిన గట్టున వేసుకోవాలి. తేటనీరు మసకబారినా, చెత్తాచెదారం తేలివచ్చినా క్షణం ఆగక పైకెక్కాలి. ఎగువన వాన పడుతున్నదేమో స్థానికులను అడగాలి. చీకటి పడకముందే బస చేరాలి. కాంగేర్ ఒడ్డున ధుడ్‌మారస్ వంటి పల్లెలలో గ్రామస్థులే అతిథులకు బస కల్పిస్తున్నారు. తొలిసారి వెళ్లేవారికి అదే ఉత్తమం. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను తిరిగి వెంట తీసుకుపోవడం మరువరాదు.

ఉదయానికి నీరు తగ్గింది. సెలవు తీసుకుంటూ కొంత సొమ్ము ఇవ్వబోతే ఆ వృద్ధుడు పుచ్చుకోలేదు. మా అమ్మగారు ఇంటినుండి తెచ్చిన సున్నుండల డబ్బా ఆయన మనుమరాలి చేతిలో పెట్టారు. అబ్బాయి వాగును చూస్తూ, "ఈ నీరు ఎక్కడికి పోతుంది నాన్నా?" అని అడిగాడు. కాంగేర్ నుండి కోలాబుకు, అదే శబరియై కూనవరం వద్ద గోదావరికి, పాపికొండల నడుమనుండి రాజమండ్రికి అని చెప్పాను.

"అయితే నాయనమ్మ ఊరికే!" అన్నాడు వాడు. మా అమ్మగారు వంగి, రాత్రి మమ్మల్ని భయపెట్టిన ఆ నీటినే దోసిట పట్టి, నెత్తిన చల్లుకున్నారు.