మార్కులు రాని పరీక్ష

2021 నవంబర్ 12. నేను అప్పుడు టెన్త్. మా క్లాసులో కొంతమందిని వేరే గదిలో కూర్చోబెట్టి ఓఎంఆర్ షీట్లు ఇచ్చారు. "దీనికి మార్కులు లేవు, టెన్షన్ పడకండి" అన్నారు సార్. మార్కులే లేకపోతే పరీక్ష ఎందుకబ్బా అనుకున్నా.

అది నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే అని తర్వాత తెలిసింది. 720 జిల్లాల్లో 3, 5, 8, 10 తరగతుల పిల్లలు దాదాపు 34 లక్షల మంది రాశారు. నిజానికి పరీక్ష మాకు కాదు, జిల్లాకి. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు, కొన్ని స్కూళ్లలో కొంతమందిని మాత్రమే అడుగుతారు. ప్రతి ప్రశ్న వెనక ఒక అభ్యసన ఫలితం ఉంటుంది, అంటే ఆ తరగతికి వచ్చేసరికి పిల్లలకి రావాల్సిన విషయం. 2022 మేలో వచ్చిన జిల్లా రిపోర్టుల్లో ఎవరి పేరూ ఉండదు. జిల్లా పిల్లలు ఏ సబ్జెక్టులో ఎక్కడున్నారో ఉంటుంది. టీచర్ల ట్రైనింగ్ దేనిమీద పెట్టాలో దాన్ని చూసి తేల్చుకోవచ్చు. మన భాషలో బగ్ రిపోర్ట్ అన్నమాట.

నా వెనక కూర్చున్న ఫ్రెండ్‌కి లెక్కలంటే భయం. వాడు ప్రశ్న గుసగుసగా చదివితే నేను ఆన్సర్ చెప్పా. సాయం చేశాననుకున్నా. వాడికి మార్కులేం కలవలేదు. కానీ "ఇక్కడ ఒకడికి లెక్కలు రావట్లేదు" అని జిల్లాకి చెప్పాల్సిన కాగితం మీద, అన్నీ వచ్చినట్టు పడింది.

టెస్ట్ కేస్ ఫెయిలైతే కోడ్ సరిచేస్తాం గానీ అవుట్‌పుట్ దిద్దేయం కదా! 2024 డిసెంబర్‌లో ఈ సర్వే పరఖ్ పేరుతో 3, 6, 9 తరగతులకి జరిగింది. మళ్లీ వచ్చినప్పుడు మీ తమ్ముడో చెల్లో రాస్తుంటే ఒక్క మాట చెప్పండి: రానిది రానట్టే వదిలెయ్యమని.