గదిలో కుంపటి వద్దు.. ఒంటికి దుప్పటే ముద్దు

చలి ముదిరింది. హీటర్ వేద్దామంటే కరెంటు బిల్లు భయం. కుంపటి పెట్టుకుందామంటే ప్రాణభయం. మరి ఇంట్లో పెద్దవాళ్లను, పసివాళ్లను వెచ్చగా ఉంచేదెలా? ఖర్చు పెరగకుండా చేయగలిగినవి చాలానే ఉన్నాయి.

పగలు ఎండలో కూర్చుంటే హాయిగానే ఉంటుంది. సాయంత్రం ఐదు దాటేసరికి గచ్చు మీద కాలు పెట్టలేం. ఇక తెల్లవారుజామున దుప్పట్లో ముడుచుకున్నా వణుకు ఆగదు. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల వారికి, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు వైపు ఉండేవారికి ఇది ఏటా అనుభవమే. అక్కడ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపునకు పడిపోవటం మామూలు.

నిజానికి మన ఇళ్లను ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టుకున్నాం. గాలి ఆడటానికి వెంటిలేటర్లు, కాలికి చల్లగా తగలటానికి గ్రానైట్, టైల్స్. ఎండాకాలంలో ఎంతో హాయినిచ్చే ఈ ఏర్పాట్లే చలికాలంలో ఇబ్బంది పెడతాయి. రేకుల ఇల్లయితే మరీనూ. పొద్దు గూకగానే రేకు చల్లబడిపోతుంది, దాంతో పాటే ఇల్లూ. చలి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల వేడి ఉంటే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. మన్యంలోనో, ఆదిలాబాద్‌లోనో జనవరి రాత్రి రేకుల గదిలో అంత వేడిని నిలపటం తేలిక కాదు. కానీ గది మొత్తాన్ని వేడి చేయలేకపోయినా మనిషిని వెచ్చగా ఉంచగలం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం ఖర్చు, సగం ప్రమాదం తప్పుతాయి.

చలికి ఒంట్లో ఏమవుతుంది?

మన శరీరం లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. బయట చలి పెరిగినప్పుడు ఆ వేడి పోకుండా చర్మం కిందుండే రక్తనాళాలు కుంచించుకుపోతాయి. కాళ్లూ చేతులూ చల్లబడేది అందుకే. అయితే సన్నబడిన నాళాల్లోంచి రక్తాన్ని నెట్టటానికి గుండె ఎక్కువ కష్టపడాలి. రక్తపోటు పెరుగుతుంది. రక్తం కాస్త చిక్కబడుతుంది, గడ్డకట్టే స్వభావమూ పెరుగుతుంది. చలికాలంలో గుండెపోటు, పక్షవాతం కేసులు ఎక్కువ కావటానికి ఇవీ కారణాలే. చల్లగాలికి శ్వాసనాళాలు బిగుసుకుని ఆస్థమా, సీవోపీడీ ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది.

వయసు మీద పడినవారితో మరో చిక్కు ఉంది. వాళ్లకు కండ తగ్గిపోతుంది, దాంతో ఒంట్లో పుట్టే వేడీ తగ్గుతుంది. చలిని పసిగట్టే శక్తి కూడా మందగిస్తుంది. ‘‘నాకేం చలిగా లేదురా’’ అని తాతయ్య అన్నంత మాత్రాన నమ్మేయకండి. దుప్పటి కింద చెయ్యి పెట్టి పొట్ట మీద తాకి చూడండి. అక్కడ కూడా చల్లగా తగిలితే ఒళ్లు నిజంగానే చల్లబడుతున్నట్టు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిని మరింత కనిపెట్టి ఉండాలి.

హీటర్ ఎంత తింటుంది?

రూమ్ హీటర్ కొనేముందు ఓ చిన్న లెక్క వేసుకోండి. చాలా హీటర్లు 2,000 వాట్లవి. అంటే పూర్తిస్థాయిలో గంటసేపు వేస్తే రెండు యూనిట్లు కాలతాయి. రోజుకు మూడున్నర గంటలు వాడితే నెలకు 210 యూనిట్లు. ఇది హీటర్ ఒక్కదానికే. ఫ్రిజ్, టీవీ, మోటారు లెక్క వేరే. పైగా కరెంటు వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారుతుంది, యూనిట్ ధరా పెరుగుతుంది. తెలంగాణలో గృహజ్యోతి లబ్ధిదారులైతే మరీ జాగ్రత్తగా ఉండాలి. నెలకు 200 యూనిట్లు దాటితే ఆ నెల సున్నా బిల్లు రాదు.

‘ఆయిల్ హీటర్ అయితే కరెంటు తక్కువ కాలుతుంది’ అనుకుంటారు కొందరు. కడ్డీలదైనా, ఫ్యాన్‌దైనా, ఆయిల్‌దైనా ఒక యూనిట్ కరెంటుకు వచ్చే వేడి ఒక్కటే. తేడా అంతా ఆ వేడి ఎలా అందుతుందన్నదే. కడ్డీల హీటర్ ఎదురుగా ఉన్న మనిషికి వెంటనే వేడి తగిలిస్తుంది. అరగంట పనికి అది చాలు. ఆయిల్ హీటర్ మెల్లగా వేడెక్కి, ఆపేశాక కూడా కాసేపు గదిని వెచ్చగా ఉంచుతుంది. ఏది వాడినా పడుకునే ముందు అరగంటో గంటో వేసి, నిద్రపోయేటప్పుడు ఆపేయండి. పరుపు, కర్టెన్లు, దుప్పట్లు మూడడుగుల దూరంలో ఉండాలి. దాని మీద తడి బట్టలు ఆరేయొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించొద్దు. నేరుగా గోడకున్న పెద్ద ప్లగ్గులోనే పెట్టాలి.

రాత్రంతా వెచ్చదనం కావాలనుకుంటే ఎలక్ట్రిక్ దుప్పటి చౌక. ఒక మనిషికి సరిపోయేది సుమారు 100 వాట్లే ఉంటుంది. పడుకోవటానికి అరగంట ముందు వేసి, పక్క వేడెక్కాక ఆపేస్తే నెలంతా కలిపినా రెండు యూనిట్లకు మించదు. కాకపోతే పసిపిల్లలకు, పక్క తడిపేవారికి, స్పర్శ తెలియనివారికి అది వద్దు.

తలుపులు మూసి కుంపటి పెట్టొద్దు

బిల్లు భయంతో చాలామంది చేసే పని ఇదే. కుంపట్లోనో పాత ఇనుప బొచ్చెలోనో బొగ్గులు రాజేసి, మంచం పక్కన పెట్టుకుని, చలిగాలి రాకుండా తలుపులూ కిటికీలూ బిడాయించి పడుకుంటారు. ‘పొగ రావట్లేదు కదా, నిప్పులే కదా’ అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. గాలి చాలని గదిలో కాలే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్న మనిషికి తల తిరుగుతున్న సంగతి కూడా తెలియదు. ఏటా చలికాలంలో ‘రాత్రి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబం తెల్లారేసరికి..’ అనే వార్తలు చదువుతున్నాం కదా. వాటి వెనకున్నది ఈ వాయువే.

భోగి మంట మనం ఆరుబయటే వేస్తాం. ఇంట్లో నిప్పుకూ అదే నియమం పెట్టుకోండి. చలి కాచుకోవాలంటే వాకిట్లోనో పెరట్లోనో కాచుకుని, నిప్పు పూర్తిగా ఆర్పి లోపలికి రండి. సగం ఆరిన బొగ్గుల్నీ లోపల పెట్టొద్దు. గది వెచ్చబడుతుందని గ్యాస్ స్టవ్ వెలిగించి వదిలేయటమూ ఇంతే ప్రమాదం. గ్యాస్ గీజర్ ఉంటే దాన్ని స్నానాల గది బయట, గాలి ఆడేచోట బిగించాలి. లోపలే ఉంటే మాత్రం బకెట్ నింపుకొని, గీజర్ ఆపేసి, ఆ తర్వాతే తలుపు వేసుకోండి. వెంటిలేటర్‌కు అట్టలు అడ్డం పెట్టకండి.

నిప్పున్న గదిలో తలనొప్పి, కళ్లు తిరగటం, వాంతి వచ్చినట్టు ఉండటం కనిపిస్తే ముందు తలుపులు బార్లా తీసి అందర్నీ బయటికి తీసుకురండి. వెంటనే 108కు ఫోన్ చేయండి.

బొంతలో ఉన్న కిటుకు

మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత ఎందుకంత వెచ్చగా ఉంటుందో తెలుసా? పొరల మధ్య గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి ఒంటి వేడిని బయటకు పోనీయదు. ఒంటి మీద బట్టలకూ ఇదే సూత్రం. మందమైన స్వెటర్ ఒకటే వేసుకునే కంటే లోపల నూలు బనియన్, పైన చొక్కా, ఆపైన స్వెటర్ వేసుకుంటే ఎక్కువ వెచ్చగా ఉంటుంది. తలకు మఫ్లర్ లేదా మంకీ క్యాప్, కాళ్లకు సాక్సులు తప్పనిసరి. పాతికేళ్లయినా చెక్కుచెదరని గొంగడి ఇంట్లో ఉంటే అటక మీంచి దించండి. నూలు దుప్పటి లోపల, గొంగడి పైన కప్పుకుంటే గుచ్చుకోదు.

కప్పుకునేదాని మీద పెట్టినంత శ్రద్ధ పరుచుకునేదాని మీదా పెట్టాలి. నేల మీద పడుకునేవారు చాప, దాని మీద జంపఖానా, ఆపైన బొంత వేసుకోవాలి. నులక మంచానికి కింది నుంచి చల్లగాలి తగులుతుంది కాబట్టి పరుపు కింద మందపాటి గోనెపట్టా పరవండి. హాట్ వాటర్ బ్యాగ్‌లో మరిగే నీళ్లు పోయొద్దు. వేడినీళ్లు మూడింట రెండొంతులు నింపి, గాలి తీసేసి, గుడ్డ చుట్టి పక్కలో పెట్టండి. పక్క వెచ్చబడ్డాక తీసేయండి. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి కాళ్ల దగ్గర పెడితే కాలినా తెలియదు.

ఇంటికీ దుప్పటి కప్పండి

ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఎండ పడే కిటికీలన్నీ తెరవండి. పరుపులు, దుప్పట్లు ఎండలో వేయండి. తేమ పోతుంది, బూజు పట్టదు. నాలుగింటికల్లా కిటికీలు మూసి, మందపాటి పరదాలు దించండి. తలుపు కింద సందుకు పాత చీరను చుట్టగా చుట్టి అడ్డం పెట్టండి. గదిలో నిప్పు గానీ గ్యాస్ గానీ వెలగనప్పుడు మాత్రమే ఈ పని చేయాలి. రాత్రిళ్లు అందరూ ఒకే గదిలో పడుకుంటే ఆ గది తొందరగా వెచ్చబడుతుంది. ఉత్తరం గోడ వైపు ఉన్న పెద్దవాళ్ల మంచాన్ని ఈ రెండు నెలలూ లోపలి గోడ వైపు జరపండి. రేకుల ఇంట్లో పైకప్పు కింద గోనెపట్టాలు కలిపి కుట్టి అడ్డంగా కడితే చాలా తేడా తెలుస్తుంది. పొయ్యికీ దీపానికీ దూరంగా మాత్రం కట్టాలి.

తిండి, స్నానం, నడక

చలిలో దాహం వేయదు. అందుకని నీళ్లు మానేస్తే రక్తం ఇంకా చిక్కబడుతుంది. గోరువెచ్చటి నీళ్లు, చారు, రాగిజావ తరచూ తాగండి. రాత్రి భోజనం వేడివేడిగా ఉండాలి. జొన్నరొట్టె, సజ్జరొట్టె, నువ్వులు, వేరుసెనగలు శక్తినిస్తాయి. ‘ఒక పెగ్గు వేస్తే చలి పోతుంది’ అనే మాట నమ్మొద్దు. మద్యం చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఒళ్లు వేడెక్కినట్టు అనిపిస్తుంది కానీ లోపలి వేడి బయటకు పోతుంది.

పెద్దవాళ్లు తెల్లవారుజాము స్నానం మాని, ఎండ ఎక్కాక చేయాలి. స్నానాల గదిలోనే ఒళ్లు తుడుచుకుని, బట్టలు కట్టుకుని బయటికి రావాలి. బకెట్లో హీటర్ రాడ్ పెట్టేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. నడక కూడా పొద్దెక్కాకే. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే వారానికి రెండు మూడు సార్లు ఉదయం చూసి రాసి పెట్టండి. పెరుగుతుంటే డాక్టర్‌కు చూపించండి. మాత్రలు మీ అంతట మీరు మార్చొద్దు.

బాలింత గదిలో..

బాలింతకు, బిడ్డకు కాపడమని మంచం కింద నిప్పుల కుంపటి పెట్టటం, తలుపులు మూసి సాంబ్రాణి పొగ పట్టటం ఇంకా చాలా ఇళ్లల్లో ఉంది. పసిబిడ్డ ఊపిరితిత్తులకు ఆ పొగ మంచిది కాదు. కుంపటి ఇద్దరికీ ప్రమాదం. బిడ్డకు తల్లి ఒళ్లే అన్నింటికంటే వెచ్చన. తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా బిడ్డను ఉంచి, తలకు టోపీ పెట్టి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. బిడ్డ ముక్కు, నోరు కనబడుతూ ఉండాలి. ఇలా పట్టుకున్నప్పుడు తల్లి మెలకువగా ఉండాలి. నిద్ర వస్తే ఇంకొకరు అందుకోవాలి. పుట్టగానే స్నానం చేయించే తొందర వద్దు.

పిల్లలు బ్రిటన్‌లో ఉంటే..

బ్రిటన్‌లో 2022 నుంచి గ్యాస్, కరెంటు ఛార్జీలు బాగా పెరిగాయి. చదువుకోవటానికి వెళ్లిన మన పిల్లల్లో బిల్లుకు భయపడి హీటింగ్ ఆపేసేవారూ ఉంటారు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ‘తిన్నావా?’ అన్నాక ‘గదిలో హీటింగ్ వేశావా?’ అని కూడా అడగండి. ఇల్లంతా కాకపోయినా ఉండే గదినైనా 18 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోమనండి. తడి బట్టలు గదిలో ఆరేస్తే గోడలకు బూజు పడుతుంది. ఆస్థమా ఉన్నవారికి అది మంచిది కాదు. గదిలో గ్యాస్ బాయిలర్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూసుకోమనండి. ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో దాన్ని బిగించాల్సిన బాధ్యత యజమానిదే.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథెర్మియా అంటారు. మొదట విపరీతంగా వణుకుతారు. మాట ముద్దముద్దగా వస్తుంది. అయోమయంగా చూస్తారు. నడక తడబడుతుంది, మత్తుగా ఉంటారు. ఒళ్లు చల్లగా ఉండి వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు, ముదిరిందని అర్థం.

అలాంటప్పుడు 108కు ఫోన్ చేసి, తడి బట్టలు తీసేసి, ఛాతీ, పొట్ట, తల ముందుగా వెచ్చగా కప్పండి. తెలివిలో ఉంటే తియ్యటి వేడి పాలో టీయో కొద్దికొద్దిగా పట్టండి. కాళ్లూ చేతులూ గట్టిగా రుద్దటం, వేడినీళ్లు పోయటం, నిప్పు దగ్గర కూర్చోబెట్టటం చేయొద్దు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. అప్పటిదాకా రాత్రి పడుకోబోయే ముందు ఒక్క నిమిషం కేటాయించండి. నిప్పు ఆరిందా, హీటర్ ఆపామా, పెద్దవాళ్ల పొట్ట వెచ్చగా ఉందా? ఈ మూడూ చూసుకున్నాకే దీపం ఆర్పండి.