కరెంటు పుట్టే చోటు కాదు, దిగే చోటు

హోసూరు ప్రాంతంలో మా బడికి కూతవేటు దూరాన, రాగి చేలను ఆనుకుని ఒక సబ్‌స్టేషన్ ఉంది. పిల్లలు రోజూ దాని పక్కనుంచే నడిచి వస్తారు. విద్యుత్తు పాఠం మొదలుపెట్టిన రోజు ఒక అబ్బాయి లేచి, "కరెంటు అందులోనే పుడతాదా సార్?" అని అడిగాడు. సగం తరగతి అవుననే అంది. మరునాడు అందరినీ కంచె బయట, రోడ్డు మీదికి తీసుకెళ్లాను.

అక్కడ కరెంటు పుట్టదు. మేట్టూరు, నైవేలి వంటి చోట్ల పుట్టింది గ్రిడ్డులో కలిసి, పెద్ద టవర్ల మీదుగా వస్తుంది. దూరం రావాలంటే వోల్టేజి ఎక్కువ ఉండాలి. ఎందుకో పిల్లల చేతనే లెక్క కట్టించాను. అదే పవర్‌ను పది రెట్ల వోల్టేజితో పంపితే తీగలో కరెంటు పదో వంతు అవుతుంది. తీగ వేడెక్కడం వల్ల పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక అది నూరో వంతుకు పడిపోతుంది.

అలా 110 కేవీతో వచ్చినదాన్ని సబ్‌స్టేషన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీకి దించుతుంది. అక్కడి నుంచి ఫీడర్లుగా చీలి ఊళ్లకు పోతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా దించితే ఇంటికి 230 వోల్టులు అందుతుంది.

ఈ పద్ధతి మన వైపుకు కొత్తది కాదు. 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల దూరంలోని కోలారు బంగారు గనులకు ఇలాగే హెచ్చు వోల్టేజితో కరెంటు తెచ్చి, గనుల దగ్గర దించి వాడారు. ఆ గనుల్లో చెమటోడ్చిన వారిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

"మా వీధిలో పోయినా ఎదురు వీధిలో ఎందుకుంటాది సార్?" అని ఇంకో ప్రశ్న. రెండు వీధులూ వేరే ఫీడర్ల మీద ఉండొచ్చు. చెట్టుకొమ్మ తీగకు తగిలితే సబ్‌స్టేషన్‌లోని బ్రేకర్ రెప్పపాటులో ఆ ఒక్క ఫీడర్‌నే ఆపుతుంది. మిగతా ఊరు చీకటి కాదు.

తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసింది ఇక్కడే ఉంది. తెగి ఎండునేల మీద పడిన తీగకు బ్రేకర్ ఒక్కోసారి పడకపోవచ్చు. ఒకసారి ఆగిన లైనుకు మళ్లీ కరెంటు రావచ్చు. కనుక ఇంట్లో కరెంటు లేదు కదా అని కింద పడిన తీగ దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. దూరంగా నిలబడి ఇతరులను కూడా ఆపి, విద్యుత్ సిబ్బందికి చెప్పండి. గాలిపటం, బంతి కంచె లోపల పడితే వదిలేయమనండి.

తిరిగి వస్తుంటే ఒక పాప గేటు మీది తమిళ అక్షరాలను కూడబలుక్కుని, "అపాయం! మన మాటే సార్!" అంది. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ అదే మాట. బడికి రాగానే బోర్డు మీద మూడు గడులు గీశాను: పుస్తకంలోని 'విద్యుత్ ఉపకేంద్రం', తమిళంలోని 'తుణై మిన్ నిలైయం', అందరూ అనే 'సబ్‌స్టేషన్'.

తెలుగులో చదివితే పిల్లలు బయట వెనకబడతారేమోనని దిగులుపడే తల్లిదండ్రులు చాలామంది నాకు తెలుసు. విషయం ఇంటి భాషలో ముందు అర్థమైతే పక్క భాషలోని పేరు నేర్చుకోవడం పెద్ద పని కాదు. ఆ సాయంత్రం మా పిల్లలు మూడు పేర్లూ తప్పులేకుండా రాశారు. అందులో కరెంటు పుట్టదని కూడా.